వోల్టులు సరే, ఎర్త్ తీగ ఏది?

విద్యుదాఘాతంతో కౌలు రైతు మృతి. మోటారు వేయబోయి మహిళ మృతి. దండెం మీద బట్టలు ఆరేస్తూ తల్లి, కాపాడబోయి కొడుకు మృతి. జిల్లా పేజీలో ఓ మూల నాలుగు వాక్యాల వార్త. ఊరు మారుతుంది, పేరు మారుతుంది, ఒక్క మాట మాత్రం మారదు: 'ప్రమాదవశాత్తు'. మాకు ఆ మాట మీదే అభ్యంతరం. పిడుగు పడితే ప్రమాదం. పాము కరిస్తే ప్రమాదం. ఎప్పుడో తుప్పు పట్టి తెగిపోయిన ఎర్త్ తీగని ఎవరూ తిరిగి కట్టకపోతే, ఆ మోటారు ఒకనాడు మనిషిని చంపితే దాన్ని ప్రమాదం అని ఎలా అంటాం? దానికి మరో పేరుంది. నిర్లక్ష్యం. కాకపోతే ఎవరి నిర్లక్ష్యం అన్న దగ్గరే పేచీ. చచ్చినవాడిదే అంటుంది యంత్రాంగం. చచ్చినవాడు ఎలాగూ జవాబు చెప్పడు.

2019 చూడండి, 2020 చూడండి, 2021 చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో ఏ సంవత్సరం తీసినా దేశంలో 12 వేల మందికి పైగా కరెంటు షాక్‌తో చనిపోయారు. అంటే రోజుకు ముప్పై మందికి పైనే. ఒక రైలు పడిపోయి ముప్పై మంది పోతే మంత్రి హెలికాప్టర్ ఎక్కి వస్తాడు. రోజూ ముప్పై మంది ముప్పై ఊళ్ళలో ఒక్కొక్కరుగా పోతే ఏఈ కూడా రాడు.

మన తీరం సంగతే చూద్దాం. తెనాలి నుంచి రేపల్లె, అక్కడి నుంచి నిజాంపట్నం, ఇటు బాపట్ల, సూర్యలంక. ఇంత మేరా నీళ్ళతో బతికే నేల. కాలవల కింద వరి, కృష్ణ ఒడ్డున లంకలు, సముద్రం వైపు రొయ్యల చెరువులు, ఇసక నేలల్లో కూరగాయలు. ఇక్కడ పని చేసే మనిషి కాళ్ళు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, చేతులు తడిగానే ఉంటాయి. కరెంటుకి ఇంతకన్నా అనువైన మనిషి దొరకడు. పొడి చెప్పులు వేసుకుని సిమెంటు గచ్చు మీద నిలబడ్డ ఆఫీసరుకి చురుక్కుమనిపించి వదిలేసే షాక్, మోకాలి లోతు ఉప్పునీళ్ళలో నిలబడ్డ కూలీని వదలదు.

2021 జూలై నెలాఖరున రేపల్లె మండలం లంకెవానిదిబ్బలో ఏం జరిగిందో గుర్తుందా? రొయ్యల చెరువుల దగ్గర షెడ్డులో రాత్రి నిద్రపోయిన ఆరుగురు ఒడిశా కూలీలు తెల్లారేసరికి శవాలయ్యారు. పొట్ట చేత పట్టుకుని వచ్చిన పడుచు పిల్లలు. కరెంటు షాక్ అని మొదట వార్త. షార్ట్ సర్క్యూట్‌తో మంట లేచి, అక్కడ నిల్వ ఉన్న రసాయనాలు అంటుకున్నాయని తర్వాతి మాట. రెండు మాటల్లోనూ ఉన్నది కరెంటే. మనుషులు పడుకునే చోట మందులు నిల్వ, ఆ పైన వైర్లు. కొన్నాళ్ళు హడావుడి జరిగింది. తరవాత ఎన్ని చెరువుల మీద షెడ్లు మారాయి? గట్ల వెంబడి నడిచి చూడండి, వెదురు కర్రల మీద వేలాడే వైర్లే జవాబు చెబుతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బల్బు మీద 230 వోల్టులు అని రాసి ఉంటుంది. ఈ 230 ఎక్కడిది? దేవుడు రాసిన అంకె కాదు. మొదట్లో ఎడిసన్ కాలంలో 110 వోల్టులతో మొదలైంది వ్యవహారం. 1899లో బెర్లిన్ కరెంటు కంపెనీ దాన్ని రెట్టింపు చేసి 220కి తెచ్చింది. ఎందుకు? అదే కరెంటు పనికి సన్న తీగ సరిపోతుంది, రాగి మిగులుతుంది. ఐరోపా ఆ దారి పట్టింది. బ్రిటిషు వాళ్ళు 240 అన్నారు, వాళ్ళ వెనకే మనమూ 240 అన్నాం, త్రీ ఫేజ్ 415 అన్నాం. తర్వాత లోకమంతా 230, 400 అని ఒక పేరు మీదికి వచ్చింది. అమెరికా వాడు ఇంటి ప్లగ్గుల్లో 120 దగ్గరే ఆగిపోయాడు, జపాన్‌లో 100. అంటే వోల్టేజీ ఎంత ఉండాలన్నది మొదటి నుంచీ రాగి ఖర్చుకీ మనిషి ప్రాణానికీ మధ్య కుదిరిన బేరం. మనకి పెద్ద వోల్టేజీ ఇచ్చారు. తప్పు లేదు, పేద దేశానికి రాగి పొదుపు కావాలి. కానీ పెద్ద వోల్టేజీ తీసుకున్న చాలా దేశాలు ఇంకో తీగ కూడా తీసుకున్నాయి. అదే ఎర్త్ తీగ. మనకి మాత్రం వోల్టులు వచ్చాయి, తీగ రాలేదు.

రాలేదని ఊరికే అనడం లేదు. చట్టం పుస్తకం తీసి చూడండి. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 33వ రూలు ఏమంటుంది? కరెంటు సరఫరా చేసేవాడే వినియోగదారుడి ఆవరణలో, సరఫరా మొదలయ్యే చోట, అందుబాటులో ఉండేలా, తగిన ఎర్త్ టెర్మినల్ ఏర్పాటు చేసి, దాన్ని బాగోగులు చూసుకుంటూ ఉండాలి. ఆ రూల్స్ పోయి 2010లో కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలు వచ్చాయి. వాటిలోనూ 16వ నిబంధనగా ఇదే మాట. మీ ఇంటి మీటరు దగ్గరికి వెళ్ళి చూడండి. స్తంభం మీంచి రెండు తీగలు వస్తున్నాయి. ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రల్. మీటరు దగ్గర కరెంటు సంస్థ పెట్టిన ఎర్త్ టెర్మినల్ ఉందా? బాపట్ల పట్నంలో ఎన్ని ఇళ్ళకి ఉంది? చెరుకుపల్లి, నగరం, భట్టిప్రోలు పల్లెల్లో ఎన్నింటికి ఉంది? కనెక్షన్ ఇచ్చేటప్పుడు డిపాజిట్టు కట్టించుకున్నారు, డెవలప్‌మెంట్ చార్జీ కట్టించుకున్నారు, మీటరుకి సీలు వేశారు. అరవై ఏళ్ళ పైబడి చట్టంలో ఉన్న ఎర్త్ టెర్మినల్ సంగతి మాత్రం 'మీరే ఒక పైపు పాతించుకోండి' అన్నారు. ఆ మాటైనా అనేవాళ్ళు తక్కువ.

త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్నవాళ్ళు, అంటే మోటార్లవాళ్ళు, చెరువులవాళ్ళు, రైస్ మిల్లులవాళ్ళు, దీనికి అదనంగా సొంత ఎర్త్ కూడా పెట్టుకోవాలని అదే రూలు చెబుతుంది. అది వాళ్ళ బాధ్యత, అందులో ఎవరూ తప్పించుకోలేరు. ఎకరాకి లక్షలు పెట్టుబడి పెట్టే ఆసామి ఒక ఎర్త్ గుంట దగ్గర పిసినారితనం చూపిస్తే అది కూలీ ప్రాణంతో బేరమే.

ఎర్త్ అంటే చాలామందికి ఒక అపోహ ఉంది. కరెంటు భూమిలోకి పోయి మాయమైపోతుందని. కరెంటు ఎక్కడా మాయం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చింది మళ్ళీ ట్రాన్స్‌ఫార్మర్‌కే చేరాలి. ఫేజు తీగలో వచ్చి న్యూట్రల్‌లో వెనక్కి పోవడం దాని మామూలు దారి. మోటారు లోపల వైండింగ్ చెడి ఫేజు బాడీకి తగిలిందనుకోండి. అప్పుడది వెనక్కి పోవడానికి వేరే దారి వెతుకుతుంది. మంచి ఎర్త్ ఉంటే ఆ దారిన పోతుంది. లేకపోతే మోటారు మీద చెయ్యి వేసిన మనిషి గుండా పోతుంది. తడి ఒళ్ళు సుమారు వెయ్యి ఓముల నిరోధం అనుకుంటే, 230 వోల్టులకి 230 మిల్లీ ఆంపియర్లు. అంత అక్కర్లేదు. పది పదహారు మిల్లీ ఆంపియర్లకే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న తీగని వదలలేవు. అమెరికాలో చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసర్ మనుషుల మీదే పరీక్షలు చేసి కొలిచిన లెక్క ఇది. యాభై మిల్లీ ఆంపియర్లు దాటి సెకను పైన ప్రవహిస్తే గుండె లయ తప్పుతుంది. 'కరెంటు లాగేసుకుంది' అని మన ఊళ్ళలో అంటారు. లాక్కోదు. మన చెయ్యే వదలదు.

సరే, ఎర్త్ పైపు ఉంది, ఇక భయం లేదు అనుకునే వాళ్ళకి ఒక చిన్న లెక్క. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ నిరోధం 2 ఓములు, మీ చెరువు దగ్గర పాతిన పైపు నిరోధం 10 ఓములు అనుకుందాం. మా ప్రాంతంలో పది ఓములంటే బాగానే ఉన్నట్టు లెక్క. ఫేజు మోటారు బాడీకి తగిలింది. 230ని 12తో భాగిస్తే 19 ఆంపియర్లు. స్టార్టర్‌లో ఉన్నది 30 ఆంపియర్ల ఫ్యూజు. అది కాలదు. కాలకపోతే ఏమవుతుంది? 19 ఆంపియర్లు ఆ పైపు గుండా పోతూనే ఉంటాయి, మోటారు బాడీ మీద 190 వోల్టులు నిలబడే ఉంటాయి. చూడటానికి మోటారు తిరుగుతూనే ఉంటుంది. ముట్టుకున్నవాడే పోతాడు. ఇక ఇసక నేలలో, ఎండాకాలంలో, ఉప్పూ బొగ్గూ వేయకుండా, నీళ్ళు పోయకుండా వదిలేసిన పైపు నిరోధం వంద ఓములు దాటితే? రెండు ఆంపియర్లు కూడా సరిగ్గా పోవు. ఫ్యూజు సంగతి అటుంచి ఇంట్లో ఉన్న ఎంసీబీ కూడా పడదు.

ఎంసీబీ మీద మనవాళ్ళకి ఉన్న నమ్మకం చూస్తే జాలేస్తుంది. 'బ్రేకర్ పెట్టించాం గదండీ' అంటారు. ఎంసీబీ మనిషిని కాపాడటానికి పుట్టలేదు, వైరుని కాపాడటానికి పుట్టింది. 16 ఆంపియర్లు, 32 ఆంపియర్లు దాటితే వైరు కాలకుండా ఆపేస్తుంది. మనిషిని చంపడానికి 0.05 ఆంపియరు చాలు. మనిషిని కాపాడే పరికరం వేరే ఉంది. ఈఎల్‌సీబీ అని పాత పేరు, ఇప్పుడు ఆర్‌సీసీబీ అంటున్నారు. ఫేజులో ఎంత పోయింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగి వచ్చింది అని క్షణక్షణం లెక్క చూసే గుమాస్తా అది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, సెకనులో మూడో వంతు గడవకముందే కరెంటు తెంపేస్తుంది. ఆ తేడా మోటారు బాడీ గుండా పోయిందా, మనిషి గుండా పోయిందా అన్నది దానికి అనవసరం. ధర రెండు వేల రూపాయలకి అటూ ఇటూ. చెరువుకి ఒక్క బస్తా మేత ఖర్చు కాదు. ఒక్క జాగ్రత్త: ఒక చేత్తో ఫేజునీ ఇంకో చేత్తో న్యూట్రల్‌నీ పట్టుకుంటే ఇదీ కాపాడలేదు.

ఇది చట్టంలో లేదా? ఉంది. 1956 రూల్స్‌లోనే తర్వాత 61-ఏ అని చేర్చారు. ఎర్త్ లీకేజీ పరికరం తప్పనిసరి అన్నారు. అని, వెంటనే 5 కిలోవాట్ల లోపు సింగిల్ ఫేజ్ కనెక్షన్లకి మినహాయింపు ఇచ్చారు. 5 కిలోవాట్ల లోపు ఎవరు? పూరిళ్ళవాళ్ళు, కాలనీ ఇళ్ళవాళ్ళు, ఒక ఫ్యానూ రెండు లైట్లూ ఉన్నవాళ్ళు. అంటే ఏసీ ఉన్నవాడికి రక్షణ తప్పనిసరి, దండెం తీగే ఉన్నవాడికి ఐచ్ఛికం. ఆ రూలు పుట్టినప్పుడు పేదవాడి మీద ఖర్చు పడకూడదనే దయతోనే పెట్టి ఉంటారు. ఆ దయ ఎన్ని ప్రాణాలు తిన్నదో లెక్క తీసినవాడు లేడు. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి 200 యూనిట్ల దాకా ఉచితం అని 2019లో ప్రకటించారు. సంతోషం. ఉచిత యూనిట్లు వచ్చిన ఇంటికి ఉచితంగా ఒక ఎర్త్, ఒక ఆర్‌సీసీబీ కూడా రావాలని ఎవరికీ తోచలేదు.

దండెం గురించి ఒక మాట. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరుకి ఆధారంగా ఇనుప తీగ కట్టి ఉంటుంది. ఎండకీ వానకీ వైరు తొడుగు పగిలి ఫేజు ఆ ఇనుప తీగకి తగులుతుంది. ఆ తీగ ఇంటి రేకులకో ఇనుప గొట్టానికో కట్టి ఉంటుంది. ఆ గొట్టానికే దండెం తీగ కట్టి ఉంటుంది. తడి చీర వేసిన ఆడమనిషి పోతుంది, ఆమెని లాగబోయినవాడు పోతాడు. ఇక్కడ చెయ్యాల్సింది రెండు రూపాయల పని: దండేనికి ఇనుప తీగ తీసేసి నైలాను తాడు కట్టడం. ఈ మాట పల్లెపల్లెకీ చెప్పడానికి డిస్కంకి కరపత్రం ఖర్చు చాలు. బిల్లు కట్టకపోతే తీగ పీకుతామని మైకులో చెప్పడానికి ఆటోలు దొరుకుతాయి గదా, ఇంకో రెండు మాటలు చెబితే మైకు అరిగిపోదు.

చెరువులవాళ్ళతో మాట్లాడితే వేరే మాట వినపడుతుంది. 'ఆర్‌సీసీబీ పెట్టాం, ఊరికే పడిపోతోంది, తీసేశాం' అని. ఊరికే పడదు. ఎక్కడో కరెంటు కారుతోంది, అది చెబుతోంది. నీళ్ళలో నానుతున్న జాయింటు, టేపు ఊడిన కేబులు, నీరు పట్టిన మోటారు. అయితే వాళ్ళ బాధలోనూ నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుంది, ఆసామి మునిగిపోతాడు. మొత్తం చెరువుకి మెయిన్ దగ్గర ఒకటే పరికరం పెడితే ఒక మోటారు చెడినా అన్నీ ఆగుతాయి. అందుకే దాన్ని పీకేస్తున్నారు. మందు ఏమిటి? మోటారుకొకటి, లేదా రెండు మూడు మోటార్లకొకటి విడిగా పెట్టడం. చెడింది ఆగుతుంది, మిగతావి తిరుగుతాయి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కరెంటు రేటులో రాయితీ ఇస్తున్న ప్రభుత్వం ఆ రాయితీకి ఈ ఒక్క షరతు పెట్టి, పరికరం మీద కొంత సబ్సిడీ ఇస్తే సరిపోతుంది. బ్రిటన్‌లో ఇళ్ళు కట్టే చోట కూలీల చేతి యంత్రాలకి 230 ఇవ్వరు. ట్రాన్స్‌ఫార్మర్‌తో 110కి దించి, దాని మధ్య బిందువుని ఎర్త్ చేస్తారు. షాక్ కొట్టినా 55 వోల్టులే. తడి చోట పనిచేసే మనిషికి వేరే లెక్క ఉండాలని వాళ్ళకి తెలిసింది. తడి అంటే ఏమిటో మనకంటే వాళ్ళకి ఎక్కువ తెలుసా?

సముద్రం పక్కన ఇంకో శత్రువు ఉప్పు. గాల్లో ఉప్పు ఇన్సులేటర్ల మీద పేరుకుంటుంది, మంచు పడితే కరెంటు దాని మీదుగా పాకుతుంది. నేలలో ఉప్పు జీఐ పైపుని తినేస్తుంది. పాతిన నాడు బ్రహ్మాండంగా ఉన్న ఎర్త్ కొన్నేళ్ళకి పైకి పైపులా, లోపల తుప్పులా మిగులుతుంది. కాబట్టి ఎర్త్ అంటే ఒకసారి పాతి మరిచిపోయేది కాదు, ఏటా కొలవాల్సింది. కొలిచే మీటరు సబ్ స్టేషన్లలో ఉంటుంది. అది ఊళ్ళోకి రావాలి. బాపట్లలో 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉంది, వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఆ పిల్లలకి ఒక సెమిస్టరు పనిగా చెరువు గట్ల మీద, కాలనీల్లో ఎర్త్ కొలవమని ఇస్తే జిల్లా మొత్తం పటం చేతికి వస్తుంది.

వోల్టేజీ సంగతి కూడా తేల్చాలి. పాత రూల్స్ ప్రకారం మీ మీటరు దగ్గర వోల్టేజీ చెప్పిన దానికి ఆరు శాతం కన్నా అటూ ఇటూ కాకూడదు. 230 అంటే 216కి తగ్గకూడదు, 244కి మించకూడదు. లైను చివర ఇంట్లో సాయంత్రం ఏడు గంటలకి ఫ్యాను తిరుగుతుందో ఈదుతుందో చూడండి. వోల్టేజీ పడిపోతే మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, వేడెక్కుతుంది, వైండింగ్ తొడుగు మాడుతుంది. మాడిన వైండింగే రేపు బాడీకి తగులుతుంది. తక్కువ వోల్టేజీ అంటే దీపం మసక అనుకుంటారు. చావుకి అది తొలి మెట్టు. ఇక న్యూట్రల్ తెగితే వీధి వీధంతా గోల. మూడు ఫేజుల మీద ఉన్న ఇళ్ళు ఒకదానితో ఒకటి గొలుసులా కలిసిపోయి, తక్కువ లోడు ఉన్న ఇంట్లోకి మూడు వందల వోల్టుల పైన దూకుతుంది. టీవీలు, ఫ్రిజ్‌లు పేలతాయి. ఆ నష్టం ఎవరిది? 'స్టెబిలైజరు పెట్టుకోవాల్సింది' అన్న మాట వినీ వినీ మా చెవులు అరిగాయి.

తీగల ఎత్తు ఇంకో కథ. రోడ్డు దాటే ఎల్‌టీ తీగ నేలకి 5.8 మీటర్ల ఎత్తున ఉండాలి, రోడ్డు వెంబడి పోయేది 5.5 మీటర్లు. స్తంభం వేసిన నాడు ఉందేమో. తర్వాత మట్టి రోడ్డు మీద కంకర, కంకర మీద తారు, తారు మీద సీసీ. రోడ్డు ప్రతి ఎన్నికలకీ ఎదిగింది, స్తంభం అక్కడే ఉంది. తీగ వదులై ఇంకా కిందికి దిగింది. వరిగడ్డి ట్రాక్టరు కింద నుంచి పోతుంది, గడ్డి అంటుకుంటుంది, ట్రాక్టరు బూడిద, అదృష్టం బాగుంటే డ్రైవరు దూకేస్తాడు. 2022 జూన్ 30న సత్యసాయి జిల్లాలో కూలీల ఆటో మీద తీగ తెగిపడి ఐదుగురు ఆడవాళ్ళు కాలిపోతే, ఉడత వల్ల జరిగిందని కరెంటు అధికారులు చెప్పారు. ఉడత! రామాయణం నుంచీ సాయం చేస్తూ వచ్చిన ఉడత చివరికి ఇలా కేసులో ఇరుక్కుంది. ఉడత తగిలినంత మాత్రాన తీగ ఎందుకు తెగాలి, తెగి కింద పడిన తీగలో కరెంటు ఎందుకు ఆగలేదు? సబ్ స్టేషన్‌లో రిలే పని చేయాలి గదా. ఆ ప్రశ్నకి ఉడత జవాబు చెప్పలేదు.

ఇక్కడే సుప్రీంకోర్టు మాట చెప్పాలి. 2002 జనవరిలో మధ్యప్రదేశ్ ఎలక్ట్రిసిటీ బోర్డు కేసులో తీర్పు వచ్చింది. రాత్రి వానలో సైకిలు మీద ఇంటికి పోతున్న కార్మికుడు రోడ్డు మీద పడి ఉన్న కరెంటు తీగ తగిలి చనిపోయాడు. ఎవరో దొంగతనంగా కొక్కెం వేసిన తీగ అది, మా తప్పు లేదు అన్నది బోర్డు. కోర్టు ఒప్పుకోలేదు. ఇంత ప్రమాదకరమైన సరుకు పంపిణీ చేసేవాడు, తన తప్పు ఉన్నా లేకపోయినా, దానివల్ల జరిగిన నష్టానికి బాధ్యుడే అన్నది. ఈ తీర్పు వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. పంచనామా దగ్గర మాత్రం 'మృతుడి అజాగ్రత్త' అని రాయించే అలవాటు పోలేదు. ఎందుకో మీకు తెలియంది కాదు, ఆ ఒక్క మాటతో పరిహారం సగం చచ్చిపోతుంది.

2003 విద్యుత్ చట్టంలో 161వ సెక్షన్ ఉంది. కరెంటు వల్ల మనిషిగానీ పశువుగానీ చనిపోతే సంస్థ నోటీసు ఇవ్వాలి. ఆ కింద వచ్చిన రూల్స్ ప్రకారం 24 గంటల్లో కబురు అందాలి. ప్రభుత్వం ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుతో విచారణ చేయించవచ్చు. ఆ ఇన్‌స్పెక్టరు డిస్కం మనిషి కాడు, ప్రభుత్వం మనిషి. ఆయన రిపోర్టులో ఎర్త్ ఉందా లేదా, తీగ ఎత్తు ఎంత, రిలే పడిందా లేదా అన్నీ ఉండాలి. మరి ఆ రిపోర్టులు ఏ బీరువాలో ఉన్నాయి? చనిపోయినవాడి భార్య చేతికి ఒక కాపీ ఎందుకు రాదు? జిల్లాలో ఏడాదికి ఎందరు పోయారు, ఎందుకు పోయారు అని ఒక కాగితం కలెక్టరేటు గోడ మీద అంటిస్తే కొంప మునిగిపోతుందా?

లైన్‌మెన్ గురించి రాయకపోతే అన్యాయం. ఎల్‌సీ తీసుకుని స్తంభం ఎక్కిన మనిషి పైన వేలాడుతూ చనిపోయిన ఫోటోలు మనం చూశాం. అందులో కొన్ని చావులు జనరేటరు వల్ల. తుఫానుకి కరెంటు పోతుంది, చెరువువాళ్ళు జనరేటర్లు వేస్తారు, చేంజ్ ఓవర్ స్విచ్ సరిగా లేకపోతే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి ఎక్కి 11 కేవీ లైనులో నిలబడుతుంది. లైను చచ్చిందనుకుని ఎక్కినవాడు చస్తాడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలితే లంకలు మునిగాయి. అలాంటి రోజుల్లో వానలో, బురదలో కరెంటు తెచ్చింది ఈ పిల్లలే. చాలామంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళు. చేతికి రబ్బరు గ్లౌజులు ఉన్నాయా అని అడిగితే నవ్వుతారు.

బోర్డు పోయి 1999లో ట్రాన్స్‌కో వచ్చింది. 2000లో డిస్కంలు వచ్చాయి, మనల్ని తిరుపతి కింద పెట్టారు. 2020 నుంచి విజయవాడ కింద పెట్టారు. 2022 ఏప్రిల్‌లో గుంటూరు నుంచి విడదీసి బాపట్ల జిల్లా అన్నారు, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. బోర్డులు మారాయి, జిల్లాలు మారాయి, బిల్లు మీద ముద్ర మారింది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కన ఎర్త్ గుంట మాత్రం అలాగే చెత్త నిండి ఉంది.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. మీ మీటరు దగ్గర ఎర్త్ టెర్మినల్ ఉందో లేదో చూడండి. లేకపోతే ఒక తెల్ల కాగితం మీద మీ సర్వీసు నంబరు వేసి, 'చట్టం ప్రకారం మా ఆవరణలో ఎర్త్ టెర్మినల్ ఏర్పాటు చేయవలసింది' అని సెక్షన్ ఆఫీసులో ఏఈ గారి పేర దరఖాస్తు ఇవ్వండి. తీగ వేలాడుతుంటే, వోల్టేజీ పడిపోతుంటే అదీ విడిగా రాయండి. 1912కి ఫోను చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు, ఆ నంబరు కాగితం మీద వేయండి. ఒక్కరుగా పోకండి, వీధి వీధి కలిసి పోండి, యాభై కాగితాలు ఒకేసారి బల్ల మీద పెట్టండి. రసీదు అడగండి. ఇవ్వమంటే స్పీడ్ పోస్టులో పంపి అక్నాలెడ్జిమెంటు దాచుకోండి. జవాబు రాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, అక్కడికి పోవడానికి వకీలు అక్కర్లేదు. జవాబు వచ్చినా రాకపోయినా ఒక నకలు మాకు పంపండి. ఏ సెక్షన్‌లో ఎన్ని దరఖాస్తులు పడ్డాయో, ఎన్ని ఇళ్ళకి ఎర్త్ వచ్చిందో ఈ పేజీలోనే అచ్చు వేస్తాం.